వాకిట్లోకి వచ్చిన పతకం: సార్జెంట్ కజువో మసుదా, అతని ఇంటివాళ్ళు

బీచ్‌బొలివార్డ్
మా అమ్మాయి ఈ ఏడు ఆరో తరగతిలో చేరింది. మేముండేది కాలిఫోర్నియాలో, ఫౌంటెన్ వ్యాలీ అనే ఊళ్ళో. బడి పేరు కజువో మసుదా మిడిల్ స్కూల్. నాలుగేళ్ళుగా ఆ బడి ముందునుంచే ఆఫీసుకు వెళుతున్నాను. ఎవరో జపాను పెద్దమనిషి స్థలమో డబ్బో ఇచ్చి ఉంటాడనుకున్నాను. మనవైపు బడికి పేరు పెట్టారంటే మామూలుగా కారణం అదే కదా. మొన్న రాత్రి అన్నాల దగ్గర అడిగింది: "నాన్నా, ఆయన సైన్యంలో ఉంటే వాళ్ళ అమ్మానాన్నలను ముళ్ళకంచెలో ఎందుకు పెట్టారు?" పప్పు వడ్డించబోతున్న గరిటె అలాగే పట్టుకుని కూర్చున్నాను. నాకు తెలియదు మరి.

వారం రోజులు కూర్చుని చదివాను. తెలిసింది ఇక్కడ పెడుతున్నాను, తప్పులుంటే దిద్దండి.

తండ్రి గెన్సుకే, తల్లి తమాయె. జపానునుంచి వచ్చి ఈ ఊళ్ళోనే సేద్యం చేసుకున్నవాళ్ళు. అప్పట్లో ఈ ఊరి పేరు టాల్బర్ట్. కజువో 1918లో కాలిఫోర్నియాలోనే పుట్టాడు, అంటే పుట్టుకతో అమెరికా పౌరుడు. 1941లో, హవాయిలోని అమెరికా నౌకాదళ స్థావరం పెర్ల్ హార్బర్ మీద జపాను దాడికి ముందే, సైన్యంలోకి తీసుకున్నారు. డిసెంబరులో దాడి జరిగింది. ఎఫ్‌బీఐ వాళ్ళు వచ్చి తండ్రిని పట్టుకుపోయారు. 1942 ఫిబ్రవరి 19న అధ్యక్షుడు రూజ్వెల్ట్ 9066వ నంబరు ఉత్తర్వు మీద సంతకం చేశాడు. పడమటి తీరంలో ఉన్న జపాను మూలాల వాళ్ళందరూ, సుమారు 1,20,000 మంది, ఇళ్ళూ పొలాలూ వదిలి శిబిరాలకు పోవలసివచ్చింది. వాళ్ళలో మూడింట రెండు వంతులు అమెరికా పౌరులే. మసుదాలను ముందు ఆర్కన్సాలోని జెరోమ్ శిబిరానికీ, అది మూసేశాక అరిజోనా ఎడారిలోని గీలా రివర్‌కూ పంపారు.

కొడుకు మాత్రం సైన్యంలోనే ఉన్నాడు. 442వ రెజిమెంటల్ కంబాట్ టీమ్, ఎఫ్ కంపెనీ, స్టాఫ్ సార్జెంట్. జవాన్లంతా ఇతనిలాగే జపాను వలసదారుల పిల్లలు. 1944 ఆగస్టు 27న ఇటలీలో చనిపోయాడు. ఇంటివాళ్ళకు ఆ కబురు అందింది కంచె లోపల.

మా పిల్ల ప్రశ్నకు ఇంకా జవాబు చెప్పలేదు.

సెలవుసిపాయి
మంచి విషయం ఎత్తారు. ఇతనికి డిస్టింగ్విష్డ్ సర్వీస్ క్రాస్ వచ్చింది. అమెరికా సైన్యంలో ధైర్యానికి ఇచ్చే పతకాల్లో అది రెండోది. ఎందుకు ఇచ్చారో మీరు రాయలేదు కాబట్టి నేను రాస్తాను. నాది పదాతిదళం, మోర్టారు (గుండ్లను ఎత్తుగా విసిరే గొట్టం) ప్లటూన్‌లో పదకొండేళ్ళు పనిచేశాను.

1944 జులై 6, ఇటలీలో పాస్తీనా అనే ఊరి దగ్గర. ఎదుటినుంచి కాల్పులు ముమ్మరంగా ఉన్నాయి. తన జవాన్లను ఆగమని చెప్పి, ఇతను 200 గజాలు పాకుతూ వెళ్ళి 60 మిల్లీమీటర్ల మోర్టారు గొట్టాన్నీ గుండ్లనూ తెచ్చుకున్నాడు. బేస్ ప్లేట్ లేదు. నెత్తిమీది హెల్మెట్ తీసి దాన్నే బేస్ ప్లేటుగా పెట్టి, 12 గంటలు ఒక్కడే కాల్చాడు. గుండ్లు అయిపోయినప్పుడు మాత్రం వెళ్ళి తెచ్చుకునేవాడు. రెండు ఎదురుదాడులు వెనక్కి పోయాయి.

హెల్మెట్ సంగతి చదివి చాలామంది "భలే" అని ముందుకు పోతారు. అక్కడ కాస్త ఆగాలి. గుండు పైకి లేచిన ప్రతిసారీ గొట్టం అంత బలంతోనూ నేలలోకి తన్నుతుంది. కింద వెడల్పైన పళ్ళెం లేకపోతే నాలుగు గుండ్లకే గొట్టం మట్టిలో దిగిపోతుంది, వాలు మారుతుంది, తరువాతి గుండు ఎక్కడ పడుతుందో దేవుడికే తెలియాలి. హెల్మెట్ అడుగు గుండ్రం. గొట్టం అందులో నిలబడదు, పట్టుకోవాలి. గొట్టమేమో కాలిపోతూ ఉంటుంది. ఆపైన హెల్మెట్ కింద ఉందంటే నెత్తిమీద లేనట్టే కదా. ఎదుట పేలుతున్న గుండ్ల ముక్కలకు తల అడ్డం పెట్టి కూర్చున్నాడన్నమాట. మామూలుగా ఆ పని నలుగురైదుగురు కలిసి చేస్తారు: ఒకరు గురి చూస్తే ఒకరు గుండు జారవిడుస్తారు, ఒకరు గుండ్లు మోస్తారు. పన్నెండు గంటలు ఒక్కడే అంటే... నేను శాంతికాలంలో, దెబ్బలు తగలని మైదానంలో, గంటన్నర చేసి భుజాలు పట్టేసి పడుకున్నవాణ్ణి.

కాలువగట్టు
ఒక చిన్న సవరణ. ఇతను ఇటలీలోనే మోంటే కాసినో అనే కొండ దగ్గర చనిపోయాడని ఎక్కడో చదివాను. అధ్యక్షుడు రీగన్ ఉపన్యాసంలోనే ఉందనుకుంటాను.

పాతకాగితం
కాలువగట్టు గారూ, ఉపన్యాసంలో ఉన్న మాట నిజమే. 1988 ఆగస్టు 10న, శిబిరాలవాళ్ళకు క్షమాపణ చెప్పే చట్టం మీద సంతకం చేసిన రోజు, ఆ మాట ఆయనే అన్నాడు. కానీ అది పొరపాటు. కాసినో పోరు 1944 మే నెలలో ముగిసింది. 442వ దళం మొదటిసారి పోరులోకి దిగింది జూన్ 26న. కాసినోలో రక్తం ఓడ్చింది 100వ బెటాలియన్. వాళ్ళూ జపాను మూలాలవాళ్ళే, హవాయివాళ్ళు. తరువాత 442తో కలిశారు. అక్కడే రెండూ కలిసిపోయి ఉంటాయి. మసుదా చనిపోయింది ఆర్నో నది దగ్గర, ఫ్లోరెన్స్ వైపు. రాత్రివేళ కొద్దిమందితో గస్తీకి వెళ్ళాడు, నది పక్కనంతా మందుపాతరలు. కుడిపక్కా ఎడమపక్కా అలికిడి వినిపించింది. జవాన్లను ఆపి, ముందు తనే పాకి వెళ్ళి చూశాడు. జర్మన్లు దాదాపు చుట్టేశారు. వెనక్కి వచ్చే వీలు లేదని తెలిసి, సబ్‌మెషిన్ గన్‌తో వాళ్ళ మీదికి కాలుస్తూ ఉండిపోయాడు. మిగిలినవాళ్ళు ఆ సందులో బయటపడి, శత్రువు ఎక్కడున్నదీ కబురు చేర్చారు.

సెలవుసిపాయి గారు చెప్పింది జులై సంగతి, ఇది ఆగస్టు సంగతి. మధ్యలో ఏడు వారాలు.

ముక్కుసూటి
అందరూ కన్నీళ్ళు పెట్టుకుంటున్నారు కాబట్టి ఒకరైనా రెండో వైపు చెప్పాలి. పెర్ల్ హార్బర్‌లో 2,400 మంది పోయారు. పడమటి తీరం మీద తరువాతి దాడి ఎప్పుడో తెలియని రోజులు. ఎవడు ఎటువైపో ఇల్లిల్లూ తిరిగి తేల్చుకునే తీరిక ఏ ప్రభుత్వానికి ఉంటుంది? ఇవాళ కుర్చీలో కూర్చుని తీర్పు చెప్పడం తేలిక. మసుదా వీరుడే, కాదనను. కానీ ఒక వీరుడి కథ పట్టుకుని ఒక దేశం భయాన్ని వెక్కిరించకూడదు.

పాతకాగితం
ముక్కుసూటి గారూ, భయం సంగతి కొట్టిపారేయను. మరి హవాయి సంగతేమిటి? బాంబులు పడిందే అక్కడ. అక్కడి జనాభాలో మూడో వంతుకు పైగా జపాను మూలాలవాళ్ళు. వాళ్ళను మూకుమ్మడిగా శిబిరాలకు పంపలేదు. పంపితే రేవుల్లో, తోటల్లో పని ఆగిపోతుంది కాబట్టి. బాంబు పడనే పడని కాలిఫోర్నియాలో మాత్రం ముసలీ ముతకా, చంటిపిల్లలూ సహా అందర్నీ తరిమారు. అక్కడ వీళ్ళ పొలాల మీద కన్నున్న పక్కింటి రైతులున్నారు మరి. భయం ఒక్కటే కారణమైతే రెండుచోట్లా ఒకేలా పనిచేయాలి కదా.

అసలు పొలం కథ ఇంకా వెనక్కి పోతుంది. 1913లో కాలిఫోర్నియా ఒక చట్టం చేసింది: పౌరసత్వానికి అర్హతలేని విదేశీయులు భూమి కొనకూడదు. ఎవరికి అర్హత లేదు? తెల్లవాళ్ళూ, ఆఫ్రికా సంతతివాళ్ళూ కాని వాళ్ళకు. చట్టంలో జపాను అన్న మాటే ఉండదు, దెబ్బ మాత్రం ఎక్కువగా వాళ్ళకే. అందుకని ఆ తరంవాళ్ళు చాలామంది ఇక్కడ పుట్టిన పిల్లల పేరున భూమి పెట్టుకున్నారు, లేదా కౌలుకు చేశారు. గెన్సుకే లాంటివాళ్ళకు 1952 దాకా పౌరసత్వానికి దరఖాస్తు పెట్టుకునే దారే లేదు. కొడుకు ఈ దేశం కోసం చచ్చిపోయాక ఎనిమిదేళ్ళకు ఆ తలుపు తీశారు.

కాలువగట్టు
కాసినో దిద్దుబాటుకు కృతజ్ఞతలు. పౌరసత్వం మాట వచ్చింది కాబట్టి ఒకటి కలుపుతాను. ఆ నిబంధన మన మీదా ఉండేది. భగత్‌సింగ్ థింద్ అనే పంజాబీ మొదటి ప్రపంచయుద్ధం రోజుల్లో అమెరికా సైన్యంలోనే పనిచేశాడు. ఆయన తెల్లవాడు కాడు కాబట్టి పౌరసత్వం చెల్లదని 1923లో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. అంతకు ముందు ఏడాదే జపానీయుడైన ఒజావాకూ అదే జవాబు. ఆ రోజుల్లోనే మా భీమవరం మనిషి యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలో ఓడ దిగారు. పాతికేళ్ళు అక్కడే ఉండి, ఎన్ని మందులు కనిపెట్టారో మీకు తెలిసిందే. విదేశీయుడిగానే 1948లో పోయారు. భారతీయులకు ఆ తలుపు తీసింది 1946లో.

మా నాన్నగారు ఆయన గురించి చెప్పినప్పుడల్లా "పాపం ఆయనకు అడగడం తెలియదు" అనేవారు. ఆయనకు తెలియకపోవడం కాదు నాన్నా, 1946 దాకా అడిగినా ఇచ్చే చట్టం లేదు అని చెప్పాలని ఇప్పుడు అనిపిస్తోంది. ఆయన లేరు.

ఉత్తరాలపెట్టె
చట్టాలు సరే, ఇంటివాళ్ళ దగ్గరికి రండి.

కజువోకు మేరీ అని అక్కచెల్లెళ్ళలో ఒకామె. 1945 మే నెలలో, ఇంకా శిబిరాలు పూర్తిగా మూయక ముందే, ఇల్లూ పొలం ఎలా ఉన్నాయో చూసుకుందామని ఆమె టాల్బర్ట్ వచ్చింది. కొందరు మగవాళ్ళు వచ్చి, ఇక్కడ మళ్ళీ కాపురం పెడితే మీ ప్రాణాలకు మాకు పూచీ లేదని బెదిరించారు. తమ్ముడో అన్నో పోయి ఏడాది కూడా కాలేదు. (మన భాషలో ఇదొక చిక్కు. ఇంగ్లీషువాడు "బ్రదర్" అని ఊరుకుంటాడు, మనకేమో అన్నో తమ్ముడో తేల్చందే వాక్యం సాగదు.) ఆమె భయపడి నోరు మూసుకోలేదు. అధికారులకు చెప్పింది, పత్రికల్లోకి ఎక్కింది. తరువాత కుటుంబమంతా తిరిగి వచ్చింది.

అప్పుడు సైన్యం ఒక పని చేసింది. 1945 డిసెంబరు 8న, పెర్ల్ హార్బర్‌కు నాలుగేళ్ళు నిండిన మర్నాడు, జనరల్ జోసెఫ్ స్టిల్‌వెల్ వాషింగ్టన్ నుంచి విమానంలో వచ్చి, ఆ చెక్క ఇంటి వాకిట్లో నిలబడి కజువో పతకాన్ని మేరీకి తగిలించాడు. అమ్మా నాన్నా, సైన్యంలో పనిచేసి బతికివచ్చిన సోదరులూ పక్కనున్నారు. పతకం టపాలో పంపవచ్చు, దండులోకి పిలిచి ఇవ్వవచ్చు. ఆమెను బెదిరించి తరమబోయిన ఊరికే, ఆ ఇంటికే తెచ్చారు. నాలుగు నక్షత్రాల జనరలు వచ్చి నిలబడ్డ వాకిలి ముందు మర్నాడు ఎవడు నిలబడి అరుస్తాడు?

సెలవుసిపాయి
స్టిల్‌వెల్ పేరు మనకు కొత్త కాదు. చైనా సైనికులకు రామ్‌గఢ్‌లో తర్ఫీదు ఇప్పించిన మనిషి. అస్సాంలో లేడో నుంచి బర్మా మీదుగా చైనాకు వేసిన దారికి ఆయన పేరే పెట్టారు. నోరు చెడ్డది కాబట్టి "వినెగర్ జో" అనేవారు. బర్మా అడవుల్లో జపాను సైన్యంతో పోరాడినవాడు. జపానీయుల మీద కోపం ఉండడానికి ఎవరికైనా హక్కు ఉంటే ఆయనకు ఉండాలి. ఆయనే ఈ వాకిట్లోకి వచ్చాడు. పొలం పక్కవాడికి, అదీ యుద్ధం మొహం చూడనివాడికి, అంత కోపం ఎక్కడనుంచి వచ్చిందో మరి.

ముక్కుసూటి
హవాయి సంగతి నాకు తెలియదు. ఆ వాదన గట్టిదే. ఒప్పుకుంటున్నాను.
కానీ ఒక సందేహం. ఇతను అంత వీరుడు కాబట్టే కదా మీరందరూ ఇంత రాస్తున్నారు? పతకం రాని కొడుకు ఉన్న ఇంటిని బెదిరించి ఉంటే జనరల్ వచ్చేవాడా?

ఉత్తరాలపెట్టె
రాడు. మీరు అడిగింది ఈ చర్చలో అన్నిటికంటే సరైన ప్రశ్న. శిబిరంలో ఉన్న 1,20,000 మందిలో ఎక్కువమంది మిరపతోటలవాళ్ళు, చాకిరేవులవాళ్ళు, బడిపిల్లలు. వాళ్ళకు ఇల్లు తిరిగి రావడానికి ఎవడో ఒకడు హెల్మెట్ తీసి మోర్టారు కింద పెట్టవలసిన అవసరం ఉండకూడదు.

బీచ్‌బొలివార్డ్
రెండు రోజులుగా మీరంతా రాస్తుంటే చదువుతూ ఉన్నాను. నేను రాయనిది ఒకటుంది, చదివినప్పుడు చేతులు రాలేదు.

కజువో శరీరం ఇటలీనుంచి 1948లో వచ్చింది. పక్క ఊరు వెస్ట్‌మిన్‌స్టర్‌లో శ్మశానవాటిక. చెట్లూ పచ్చికా ఉన్న భాగంలో చోటు అడిగితే, అది తెల్లవాళ్ళకు మాత్రమే అన్నారు. వాకిట్లో పతకం ఇచ్చి అప్పటికి మూడేళ్ళు. విషయం బయటికి పొక్కి గొడవై, సైన్యం పెద్దలు కలగజేసుకున్నాక వాళ్ళు దిగివచ్చారు. ఆ నవంబరులో అక్కడే ఖననం చేశారు.

నిన్న ఆదివారం పిల్లను తీసుకుని వెళ్ళాను. మా ఇంటినుంచి పావుగంట కూడా పట్టదు. దారంతా వియత్నాం అంగళ్ళు, ఫో అనే నూడుల్స్ సూపు దుకాణాలు, బంగారం కొట్లు. శ్మశానంలోనూ వరసలకు వరసలు వియత్నాం పేర్లే. ఒక కుటుంబం చాప పరిచి, నారింజపళ్ళూ అన్నం గిన్నే పెట్టి, అగరవత్తులు వెలిగిస్తోంది. ఒకప్పుడు ఒక్క మనిషికి పచ్చికలో చోటు లేదన్న నేలలో ఆ వాసన మన తద్దినం రోజు వాసనలా ఉంది. మా పిల్ల ఇంటినుంచి బంతిపూలు తెచ్చింది. ఎక్కడ పెట్టాలో తెలియక కాసేపు నిలబడి, చివరికి ఒకటి మాత్రం అక్కడ పెట్టి, మిగతావి పక్కన పేరు చదవడం రాని సమాధుల మీద తలా ఒకటి పెట్టింది. ఎందుకని అడగలేదు.

మాధవరం మనవడు
ఈ వేదికలో చదవడమే కాని ఎప్పుడూ రాయలేదు. మాది తాడేపల్లిగూడెం పక్కన మాధవరం. మిలటరీ మాధవరం అంటే తెలిసినవాళ్ళు తెలుసుకుంటారు. రెండు ప్రపంచయుద్ధాలకూ మా ఊరినుంచి ఇంటికొకరు చొప్పున వెళ్ళారు. పోయినవాళ్ళ పేర్లతో ఊళ్ళో స్మారకం ఉంది.

మా ముత్తాత మద్రాసు సాపర్స్‌లో (సైన్యంలోని ఇంజనీరు దళం) ఇటలీ వెళ్ళి తిరిగి వచ్చాడు. ఆయన పతకం మా నాయనమ్మ దగ్గర ఉండేది, ఆరు కోణాల నక్షత్రం. రిబ్బను ఎరుపూ తెలుపూ ఆకుపచ్చా చారలది, వెలిసి మూడూ ఒకే రంగు అయిపోయాయి. దీపావళి ముందు ఇత్తడి సామానుతో పాటు దాన్నీ చింతపండు వేసి తోమేది. మీద ఇంగ్లీషులో "ఇటలీ స్టార్" అని ఉందని నాకు చదవడం వచ్చాక చెప్పాను. "అదేదో ఊరి పేరా?" అంది. ఆమెకు అది మామగారి వస్తువు, అంతే. తోమి తోమి అక్షరాలు సగం అరిగిపోయాయి.

మసుదా పోయిన ఆగస్టులో 8వ భారతీయ డివిజను కూడా ఫ్లోరెన్స్ పక్కనే ఉంది. మావాడు అందులో ఉన్నాడో లేదో కాగితం లేదు. ఒక సంగతి మాత్రం చెప్పగలను. మావాళ్ళు పరాయి రాజు కోసం వెళ్ళారు. వచ్చాక జీతం, పింఛను, కొందరికి నేల దక్కాయి. వెళ్ళినందుకు వాళ్ళ అమ్మను ఎవడూ కంచెలో పెట్టలేదు. ఇది చదివి రాత్రి మా నాన్నకు ఫోను చేసి, స్మారకం మీద మనింటిపేరు ఎన్నిసార్లు ఉందో రేపు లెక్కపెట్టమన్నాను.

నిర్వాహకులు
మాధవరం మనవడు గారికి స్వాగతం. శ్మశానవాటిక పేరు చెప్పి దాని మీద ఇప్పటి వ్యాపారం గురించి రాసిన రెండు టపాలు తీసేశాం. 1948 సంగతి 1948దిగానే ఉండనివ్వండి.

పాతకాగితం
రీగన్ మాట సగంలో వదిలేశాను. 1945లో మసుదా కుటుంబాన్ని గౌరవించిన ఆ రోజు కార్యక్రమంలో మాట్లాడిన సినిమావాళ్ళలో కెప్టెన్ యూనిఫారంలో ఉన్న ఒక యువ నటుడు ఉన్నాడు. ఇసుకలో ఇంకిన నెత్తురు అంతా ఒకే రంగు అన్నాడు. అతనే రీగన్. నలభైమూడేళ్ళకు, శిబిరాల్లో ఉండి అప్పటికి బతికున్నవాళ్ళకు క్షమాపణా తలా 20,000 డాలర్లూ ఇచ్చే బిల్లు ఆయన ముందుకొచ్చింది. మొదట ఆయన యంత్రాంగానికి అది ఇష్టంలేదు. కజువో ఇంకో సోదరి రాసిన ఉత్తరాన్ని న్యూజెర్సీ గవర్నరు థామస్ కీన్ ఆయన దాకా చేర్చాడు: ఆనాడు మా ఇంటివాళ్ళ కోసం మాట్లాడింది మీరే, గుర్తుందా అని. సంతకం చేసిన రోజు రీగన్ ఆ పాత పత్రిక ముక్క చదివి, చివర్లో ఆ నటుడి పేరు సరిగ్గా పలుకుతానో లేదో అని నవ్వించి, తన పేరే చదివాడు.

గెన్సుకే తరంవాళ్ళు చాలామంది అప్పటికే పోయారు. డబ్బు బతికున్నవాళ్ళకే.

కాలువగట్టు
పేరు గురించి ఒక్కమాట. మసూడా అనకండి, మసుద. చివరి అక్షరానికి జపాను భాషలో అర్థం వరిమడి.

మాధవరం మనవడు
నాన్న లెక్కపెట్టి వచ్చాడు. మా ఇంటిపేరు పదకొండుసార్లు ఉందట. ఎనిమిదో పేరు దగ్గర పెచ్చు ఊడిపోయిందట, ఎవరో చదవడం రాలేదట. ఊళ్ళో పెద్దావిడ ఒకామెకు గుర్తుండవచ్చంటున్నారు. రేపు వెళుతున్నాడు.

బీచ్‌బొలివార్డ్
తెలిస్తే ఇక్కడ రాయండి. మా అమ్మాయి అడుగుతోంది.